రేడియో ట్రాన్స్‌మిటర్లలో పౌనఃపున్య స్థిరత్వం

ఆకాశవాణి హైదరాబాద్ ‘ఎ’ కేంద్రానికి కేటాయించబడిన మీడియం వేవ్ పౌనఃపున్యం 738 కిలోహెర్ట్జ్. విజయవాడకు 837, కడపకు 900, విశాఖపట్నానికి 927. ఈ నాలుగు సంఖ్యలూ 9 చేత నిశ్శేషంగా భాగింపబడతాయి. ఇది యాదృచ్ఛికం కాదు. 1975లో జెనీవాలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఆసియా, ఐరోపా, ఆఫ్రికా తదితర ప్రాంతాలలోని మీడియం వేవ్ కేంద్రాలన్నింటికీ 9 కిలోహెర్ట్జ్‌ల ఎడంతో స్థానాలు నిర్ణయించబడినవి. ఆ ప్రణాళిక 1978 నవంబరు 23 నుండి అమలులోనికి వచ్చింది. అమెరికా ఖండాలలో మాత్రం 10 కిలోహెర్ట్జ్‌ల ఎడమే కొనసాగింది.

స్థానం నిర్ణయించడంతో పని పూర్తికాదు. కేటాయించిన స్థానం నుండి ట్రాన్స్‌మిటరు ఎంతవరకు పక్కకు జరుగవచ్చునో కూడా అంతర్జాతీయ రేడియో నిబంధనలు నిర్దేశించాయి. మీడియం వేవ్ ప్రసారాలకు ఆ హద్దు 10 హెర్ట్జ్. అనగా హైదరాబాద్ కేంద్రపు తరంగం సెకనుకు 7,38,000 సార్లు కంపించవలసి ఉండగా, పది ఎక్కువైనా పది తక్కువైనా ఫరవాలేదు, అంతకు మించరాదు. ఇంత ఖచ్చితంగా నడిచే గడియారం రోజు మొత్తం మీద సెకను పైచిలుకు మాత్రమే తేడా చూపుతుంది. తేడా ఏమంటే, ట్రాన్స్‌మిటరు ఈ నియమాన్ని ఎండలోనూ, వానలోనూ, విద్యుత్ సరఫరా హెచ్చుతగ్గులలోనూ పాటించవలసి ఉంటుంది.

కొత్త కేంద్రం ప్రారంభమైన ప్రతిసారీ పత్రికలలో దాని పౌనఃపున్యం ప్రచురితమవుతుంది. ఆ సంఖ్యను నిలబెట్టడం వెనుక ఉన్న శ్రమ వార్తలలోనికి సాధారణంగా రాదు. పాత్రికేయులకు, వైర్‌లెస్ వ్యవస్థలను వినియోగించే శాఖల అధికారులకు ఈ విషయమై ప్రాథమిక సమాచారం అందించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పక్కకు జరిగితే కలిగే నష్టం

సంగీత కచేరీకి ముందు తంబురా శ్రుతి చేయడం చూసినవారికి ఈ సమస్యను వివరించడం సులభం. రెండు తంత్రులు ఇంచుమించు ఒకే స్థాయికి వచ్చి, పూర్తిగా కలియనప్పుడు నాదం అలలు అలలుగా పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తుంది. పాఠ్య పుస్తకాలలో దీనిని విస్పందనాలు అంటారు. తంత్రులు సరిగా కలిసిన క్షణంలో ఆ అల ఆగిపోతుంది. రేడియోలో రెండు కేంద్రాల తరంగాలు ఒకే రిసీవరుకు చేరినప్పుడు జరిగేది కూడా ఇదే.

మీడియం వేవ్‌లో స్థానాలు కొన్ని, కేంద్రాలు అనేకం. కనుక ఒకే పౌనఃపున్యాన్ని దూరదూరంగా ఉన్న పలు కేంద్రాలకు కేటాయించక తప్పదు. పగటివేళ అయనావరణపు కింది పొర మీడియం వేవ్ తరంగాలను పీల్చివేస్తుంది గనుక ఒక్కొక్క కేంద్రం తన పరిధికి పరిమితమవుతుంది. సూర్యాస్తమయం తరువాత ఆ పొర బలహీనపడి, పై పొరల నుండి తరంగాలు ప్రతిఫలించి వందల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. పగలు వినిపించని దూరప్రాంత కేంద్రం రాత్రి వినిపించడానికి కారణం ఇదే. స్థానిక కేంద్రంతో దాని తరంగం కలిసినప్పుడు రెండింటి పౌనఃపున్యాల మధ్య గల తేడా ఒక ధ్వనిగా బయటపడుతుంది. తేడా ఒకటి రెండు హెర్ట్జ్ ఉంటే వార్తలు చదివే గొంతు ఊయల ఊగినట్లు హెచ్చి తగ్గుతుంది. 300 హెర్ట్జ్ ఉంటే ఎడతెగని హోరు. వెయ్యి హెర్ట్జ్ ఉంటే చెవులను తొలిచే ఈల.

ఇక్కడ గమనించవలసిన అంశం మరొకటి ఉంది. దూరపు కేంద్రం మాటలు అర్థం కానంత బలహీనంగా ఉన్నప్పటికీ దాని ఈల మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది. మాటలను మోసే వాహక తరంగానికే ఎక్కువ శక్తి ఉండటం దీనికి కారణం. ఆ విధంగా, పక్కకు జరిగిన కేంద్రం తాను సేవలందించగల విస్తీర్ణం కంటె ఎంతో ఎక్కువ విస్తీర్ణంలో ఇతరుల ప్రసారాన్ని చెడగొడుతుంది. పైగా, నష్టపోయే శ్రోతలు తప్పు చేసిన కేంద్రపు శ్రోతలు కారు. వారి ఫిర్యాదులు ఆ కేంద్రానికి చేరవు.

రెండు కేంద్రాలు చెరొక దిశలో పదేసి హెర్ట్జ్ జరిగినప్పటికీ వాటి మధ్య తేడా 20 హెర్ట్జ్‌కు మించదు. మనిషి చెవి వినగల ధ్వనుల కింది హద్దు కూడా ఇంచుమించు అదే. సాధారణ రేడియోలోని చిన్న స్పీకరు అంత మంద్రమైన ధ్వనిని ఎటూ పలికించలేదు. పది అనే హద్దును ఈ కోణం నుండి చూస్తే దాని అవసరం తేలికగా బోధపడుతుంది.

అదుపు తప్పిన సంవత్సరం

ఈ నియమాలు లేని రోజులలో పరిస్థితి ఎలా ఉండేదో అమెరికా చరిత్ర చెబుతుంది. 1920ల తొలినాళ్లలో అక్కడ ప్రసార కేంద్రాలకు స్థానాలను వాణిజ్య మంత్రి కేటాయించేవారు. షికాగోలోని జెనిత్ సంస్థకు చెందిన కేంద్రం తనకు వారానికి రెండు గంటల సమయమే లభించిందన్న అసంతృప్తితో, కెనడాకు విడిచిపెట్టబడిన 910 కిలోహెర్ట్జ్‌పైకి తనంతట తాను మారింది. వివాదం న్యాయస్థానానికి వెళ్లింది. పౌనఃపున్యాన్ని నిర్బంధించే అధికారం మంత్రికి చట్టరీత్యా లేదని 1926 ఏప్రిల్‌లో తీర్పు వెలువడింది. తరువాతి నెలలలో కేంద్రాలు ఇష్టానుసారం స్థానాలు మార్చుకున్నాయి, శక్తిని పెంచుకున్నాయి. శ్రోతలకు మిగిలినవి ఈలలే. 1927 ఫిబ్రవరిలో కొత్త రేడియో చట్టం వచ్చి, ఫెడరల్ రేడియో కమిషన్ ఏర్పడింది.

కమిషన్ తొలుత అనుమతించిన హద్దు 500 హెర్ట్జ్. నేటి ప్రమాణంతో పోల్చితే అది అతి ఉదారమైన హద్దు. అయితే నాటి యంత్రాలకు అదే కష్టసాధ్యం. 1932లో దానిని ఒక్కసారిగా 50 హెర్ట్జ్‌కు, ఆ తరువాత 20 హెర్ట్జ్‌కు తగ్గించారు. ఐదు సంవత్సరాలలో పదవ వంతుకు తగ్గించగలగడం కేవలం ఉత్తర్వుల వలన సాధ్యమైనది కాదు. ఈ మధ్యకాలంలో ట్రాన్స్‌మిటరు హృదయస్థానంలో ఉన్న వస్తువే మారింది.

ఐరోపాలో మార్గం కొంత భిన్నమైనది. అక్కడ పలు దేశాలు ఉన్నందున ఒకరిపై మరొకరికి అధికారం లేదు. 1926లో ప్రసార సంస్థలు జెనీవాలో ఒక ప్రణాళిక కుదుర్చుకుని, దాని అమలును గమనించేందుకు బ్రస్సెల్స్‌లో ఒక కొలత కేంద్రాన్ని నెలకొల్పాయి. రేమండ్ బ్రెయార్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో రూపొందిన ప్రామాణిక తరంగమాపకాలను సభ్య సంస్థలకు పంపారు. ప్రతి కేంద్రం ఏ రాత్రి ఎక్కడ నిలిచిందో బ్రస్సెల్స్‌లో కొలిచి అందరికీ తెలియజేసేవారు. శిక్షించే అధికారం లేని ఆ కేంద్రం అంకెలను ప్రకటించడం ద్వారానే పని సాగించింది. ప్రభుత్వ సమాచార వ్యవస్థలో పనిచేసేవారికి ఈ పద్ధతి ప్రత్యేకించి ఆసక్తి కలిగిస్తుంది.

తీగచుట్ట నుండి పలుగురాయికి

తొలినాటి ట్రాన్స్‌మిటర్లలో పౌనఃపున్యాన్ని నిర్ణయించినవి ఒక తీగచుట్ట, ఒక కెపాసిటర్, ఒక వాల్వు. వీటితో కూడిన భాగాన్ని డోలకం అంటారు. వేడికి రాగి వ్యాకోచిస్తుంది, చుట్ట పరిమాణం పెరుగుతుంది, పౌనఃపున్యం తగ్గుతుంది. రాగి ఒక డిగ్రీ సెల్సియస్‌కు పది లక్షలలో సుమారు 17 వంతులు సాగుతుంది. ఈ ఒక్క కారణాన్ని మాత్రమే లెక్కించినా, 738 కిలోహెర్ట్జ్ వద్ద డిగ్రీకి సుమారు 6 హెర్ట్జ్ తేడా వస్తుంది. రెండు డిగ్రీల మార్పుకే నేటి హద్దు దాటిపోతుందన్న మాట. ఉదయానికీ మధ్యాహ్నానికీ మధ్య పదిహేను డిగ్రీలు మారే మన వేసవిలో అటువంటి ట్రాన్స్‌మిటరు గతి ఏమవుతుందో ఊహించవచ్చును.

వేడి ఒక్కటే శత్రువు కాదు. విద్యుత్ సరఫరా వోల్టేజి మారితే వాల్వు గుణం మారి పౌనఃపున్యం జరుగుతుంది. డోలకాన్ని నేరుగా ఏరియల్‌కు కలిపిన రోజులలో గాలికి ఏరియల్ తీగ ఊగినా ప్రసారం అటూ ఇటూ జరిగేది. దీనికి విరుగుడుగా డోలకాన్ని చిన్న శక్తితో వేరుగా నడిపి, మధ్యలో ఒకటి రెండు దశలు ఉంచి, చివరి దశలోనే శక్తిని పెంచే పద్ధతి వచ్చింది. 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటరులోనైనా పౌనఃపున్యాన్ని నిర్ణయించే భాగం అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. శక్తి పెంచినంత మాత్రాన పౌనఃపున్యం మారదు. కేంద్రం సామర్థ్యం పెరిగిన వార్తను ‘ఫ్రీక్వెన్సీ పెంచారు’ అని రాయడం కొన్ని సందర్భాలలో కనిపిస్తుంది, అది సరికాదు.

అసలైన పరిష్కారం రాతిలో దొరికింది. తెలంగాణ, రాయలసీమ పల్లెలలో పలుగురాయి అని పిలువబడే క్వార్ట్జ్, స్వచ్ఛమైన పారదర్శక రూపంలో స్ఫటికం. స్ఫటిక లింగాలు చెక్కేది దీనితోనే. ఈ రాతి పలకను నొక్కితే దాని ముఖాలపై విద్యుదావేశం పుడుతుందని ఫ్రాన్సులో క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. తిరుగుమార్గం కూడా నిజమే: విద్యుత్తు ప్రయోగిస్తే పలక కంపిస్తుంది. ప్రతి పలకకు తన మందాన్ని బట్టి సహజమైన కంపన సంఖ్య ఒకటి ఉంటుంది. గుడి గంటను ఏ చేయి మోగించినా నాదం ఒకటే అయినట్లు, పలకను ఏ వలయంలో ఉంచినా అది తన కంపన సంఖ్యకే కట్టుబడటానికి ప్రయత్నిస్తుంది. అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు వాల్టర్ కేడీ 1920ల ప్రారంభంలో ఈ గుణంతో డోలకాన్ని స్థిరపరచవచ్చునని నిరూపించారు. హార్వర్డ్ ఆచార్యుడు జి.డబ్ల్యు. పియర్స్ 1923లో దానికి తేలికైన వలయాన్ని రూపొందించారు. 1925లో పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ కేంద్రంలో స్ఫటిక డోలకం అమర్చబడింది. మరుసటి సంవత్సరానికే పలు ప్రసార కేంద్రాలు అదే బాట పట్టాయి.

స్ఫటికం కూడా వేడికి పూర్తిగా అతీతం కాదు. అయితే ఆ రాతికి ఒక విశేషం ఉంది. ఏ దిశలో కోస్తే ఆ దిశను బట్టి దాని ఉష్ణ స్వభావం మారుతుంది. ఒక దిశలో కోసిన పలక వేడికి వేగం పెంచుకుంటే, మరొక దిశలో కోసినది మందగిస్తుంది. ఈ రెంటి నడుమ, స్ఫటికపు నిలువు అక్షంతో సుమారు 35 డిగ్రీల కోణంలో కోసినట్లయితే, గది ఉష్ణోగ్రత పరిసరాలలో రెండు ప్రభావాలూ దాదాపు రద్దవుతాయి. 1934లో బెల్ ప్రయోగశాలల శాస్త్రజ్ఞులు వివరించిన ఈ కోత ‘ఏటీ కోత’గా ప్రసిద్ధి పొందింది. జపానులో ఇస్సాక్ కోగా కూడా స్వతంత్రంగా ఇదే దారిలో కృషి చేశారు. ఏటీ పలక ఒక మెగాహెర్ట్జ్‌కు సుమారు 1.66 మిల్లీమీటర్ల మందం, పది మెగాహెర్ట్జ్‌కు అందులో పదవ వంతు. కోణంలో కొద్దిపాటి తేడా వచ్చినా ఉష్ణ స్వభావం మారిపోతుంది గనుక కోసేముందు ఎక్స్-కిరణాలతో దిశను నిర్ధారించుకుంటారు.

ఇంకా ఖచ్చితత్వం కావలసినచోట పలకను చిన్న ఓవెనులో ఉంచి ఒకే ఉష్ణోగ్రత వద్ద నిలుపుతారు. ఓవెను వేడిచేయగలదే తప్ప చల్లబరచలేదు. కాబట్టి దాని ఉష్ణోగ్రత పరిసరాలలోని గరిష్ఠ ఉష్ణోగ్రత కంటె ఎక్కువగా ఉండి తీరాలి. శీతల దేశంలో 50 డిగ్రీలకు అమర్చిన ఓవెను చక్కగా పనిచేస్తుంది. రామగుండంలోనో, రెంటచింతలలోనో బయట ఎండ 45 డిగ్రీల దరిదాపులకు చేరినప్పుడు, యంత్రాల వేడి తోడైన పెట్టెలో అదే ఓవెను అదుపు తప్పుతుంది. అందుకే ఇటువంటి ఓవెన్లను 70, 80 డిగ్రీల ప్రాంతంలో నడపడం పరిపాటి. ఒకసారి ఆపివేస్తే అది మరల వేడెక్కి స్థిరపడేందుకు సమయం పడుతుంది. ట్రాన్స్‌మిటరు ప్రసారంలో లేని గంటలలో సైతం ఓవెనుకు విద్యుత్తు అందుతూ ఉండవలసిన అవసరం ఇక్కడి నుండి వచ్చినదే. పొదుపు పేరిట దీనిని ఆపివేయడం పొరపాటు.

యుద్ధకాలపు అనుభవం

రెండవ ప్రపంచ యుద్ధంలో సేనల వైర్‌లెస్ సెట్లకు అమెరికా కోట్ల సంఖ్యలో స్ఫటిక పలకలను తయారు చేయించింది. ముడి స్ఫటికం ప్రధానంగా బ్రెజిల్ నుండి వచ్చేది. 1943 నాటికి ఒక చిత్రమైన సమస్య ఎదురైంది. కర్మాగారంలో పరీక్షలన్నీ నెగ్గి భద్రపరచబడిన పలకలు కొన్ని నెలల తరువాత చూస్తే పౌనఃపున్యం పెరిగి ఉండటం, కొన్ని అసలు కంపించకపోవడం గమనించారు. తప్పు రాతిది కాదు. పలకను రాపిడితో అరగదీసినప్పుడు ఉపరితలం మీద కంటికి కనిపించని బీటలు పడి, తేమకు సన్నని రజను రాలుతూ వచ్చింది. మందం తగ్గిన కొద్దీ పౌనఃపున్యం పెరిగింది. చివరి దశలో అరగదీయడం మాని, ఆమ్లంతో ఉపరితలాన్ని కరిగించే పద్ధతి ప్రవేశపెట్టిన తరువాత ఈ వ్యాధి కుదిరింది. కాలక్రమేణా స్ఫటికం స్వల్పంగా మారడం నేటికీ పూర్తిగా తొలగలేదు. ఎంత మంచి డోలకాన్నైనా నిర్ణీత కాలానికొకసారి ప్రమాణంతో సరిపోల్చి సరిదిద్దవలసిందే.

అదే యుద్ధంలో స్థిరత్వం మరొక విధంగా రక్షణ కల్పించింది. శత్రు విమానాలు ప్రసార కేంద్రపు తరంగాన్ని పట్టుకొని దిక్కు తెలుసుకునే ప్రమాదం ఉండేది. బ్రిటన్‌లో 1939 సెప్టెంబరు నుండి బీబీసీ తన మీడియం వేవ్ కేంద్రాలను సమూహాలుగా చేసి, ఒక్కొక్క సమూహంలోని కేంద్రాలన్నీ ఒకే పౌనఃపున్యంపై ఒకే కార్యక్రమాన్ని ప్రసారం చేసే ఏర్పాటు గావించింది. ఏ దిక్కు నుండి ఏ తరంగం వస్తున్నదో విమానానికి తెలియదు. శ్రోతకు మాత్రం ప్రసారం ఆగదు. కేంద్రాల మధ్య అతి స్వల్పమైన తేడా కూడా లేకుండా చూడగలిగినందువల్లనే ఇది సాధ్యపడింది.

ఎఫ్.ఎం. విషయం

ఎఫ్.ఎం. ప్రసారం గురించి ఒక సందేహం సహజంగా వస్తుంది. ఆ పద్ధతిలో ధ్వనికి అనుగుణంగా పౌనఃపున్యమే 75 కిలోహెర్ట్జ్‌ల వరకు అటూ ఇటూ ఊగుతుంది. ఊగేదానికి స్థిరత్వం ఎక్కడిది? ఊగిసలాటకు మధ్యబిందువు ఒకటి ఉంటుంది. అది కదలరాదు. 50 వాట్లకు మించిన ఎఫ్.ఎం. ప్రసార కేంద్రాలకు అంతర్జాతీయ హద్దు 2,000 హెర్ట్జ్. సంఖ్య పెద్దదిగా కనిపించినా 100 మెగాహెర్ట్జ్‌లో అది 50 వేలలో ఒక వంతు మాత్రమే. స్ఫటికం తన స్థానం విడువదు గనుక దానిని అంత దూరం ఊగించడం సాధ్యం కాదు. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1930లలో స్ఫటికపు సంకేతాన్ని కదిలించకుండా దాని దశను మాత్రం కొద్దిగా మార్చి, తరువాత ఎన్నో రెట్లు పెంచే ఉపాయం పన్నారు. తరువాతి కాలపు యంత్రాలలో ఊగే డోలకం వేరు, దానిని స్ఫటికంతో నిరంతరం సరిపోల్చి మధ్యబిందువుకు లాగే వలయం వేరు. తాడుతో కట్టిన ఆవు గుంజ చుట్టూ మేసినట్లు అని వ్యవహారంలో చెప్పుకోవచ్చును.

సముద్రం మీద

పౌనఃపున్యం జరిగితే శ్రోతకు కలిగేది అసౌకర్యం. ఆపదలో ఉన్నవారి విషయంలో సంగతి వేరు. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ నికోబార్ దీవులను తాకినప్పుడు హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. అమెచ్యూర్ ప్రసారాల నిమిత్తం వారు అంతకుముందే అక్కడికి వెళ్లారు. సాధారణ సమాచార మార్గాలు దెబ్బతిన్న ఆ రోజులలో 14 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని వారి సెట్లు దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య సందేశాలు చేరవేశాయి. ఈ తరహా సెట్లలో వాహక తరంగం పంపబడదు. ధ్వనిలోని ఒక పక్కను మాత్రమే పంపుతారు. అందువలన పంపే సెట్టుకూ వినే సెట్టుకూ మధ్య తేడా వంద హెర్ట్జ్‌లు దాటితే గొంతు అసహజంగా మారుతుంది. మరికొంత పెరిగితే పేర్లు, ఊళ్లు, సంఖ్యలు అర్థం కావు. క్షేమ సమాచారంలో కావలసినవి సరిగ్గా అవే.

ఓడలు, విమానాలు ఆపద సమయంలో పంపే 406 మెగాహెర్ట్జ్ సంకేతాల విషయంలో ఈ అవసరం మరింత తీవ్రమైనది. 1982లో మొదటి ఉపగ్రహ ప్రయోగంతో ఆరంభమైన కాస్పాస్-సార్‌శాట్ అనే అంతర్జాతీయ వ్యవస్థ వీటిని అందుకుంటుంది. భారతదేశం తరఫున బెంగళూరు, లక్నోలలో భూకేంద్రాలు ఏర్పాటయ్యాయి. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహం సంకేతం వచ్చిన చోటును తెలుసుకునే విధానం సూక్ష్మమైనది. దగ్గరకు వస్తున్న రైలు కూత హెచ్చుగాను, దాటిపోయిన రైలు కూత తగ్గుగాను వినిపించినట్లే, సెకనుకు సుమారు 7 కిలోమీటర్ల వేగంతో పోయే ఉపగ్రహానికి సంకేతపు పౌనఃపున్యం మొదట సుమారు 9 కిలోహెర్ట్జ్ హెచ్చుగాను, దాటిన తరువాత అంతే తగ్గుగాను అందుతుంది. ఈ మార్పు ఎంత వేగంగా జరిగిందన్న దానిని బట్టి పరికరం ఎక్కడ ఉన్నదో లెక్కగడతారు.

పరికరపు డోలకమే జరిగిపోతే ఆ లెక్క తప్పుతుంది. ఉపగ్రహ గమనం వలన వచ్చిన మార్పేదో, డోలకం తెచ్చిన మార్పేదో వేరుచేసే మార్గం లేదు. గాలింపు ఓడ వేరొక చోటికి వెళుతుంది. ఈ కారణంగా ఇటువంటి పరికరాలలో పదవ వంతు సెకను వ్యవధిలో స్థిరత్వం వంద కోట్లలో రెండు వంతులకు మించి చెడరాదని నిబంధన విధించారు. అది పనిచేసేది ఓవెనులో కాదు, చల్లని నీటిలో పడిన డబ్బాలో, బ్యాటరీ మీద. అంతకుముందు వాడుకలో ఉన్న 121.5 మెగాహెర్ట్జ్ పరికరాలకు ఇంత స్థిరత్వం లేదు. వాటితో స్థానం సుమారు 20 కిలోమీటర్ల తేడాతో తెలిసేది. 406 మెగాహెర్ట్జ్‌తో అది సుమారు 5 కిలోమీటర్లకు తగ్గింది. 121.5 మెగాహెర్ట్జ్ సంకేతాలను ఉపగ్రహాల ద్వారా స్వీకరించడం 2009 ఫిబ్రవరి 1 నుండి నిలిపివేయబడింది. వైశాల్యంలో చూస్తే ఐదుకూ ఇరవైకీ మధ్య తేడా పదహారు రెట్లు. రాత్రివేళ, అలల మధ్య గాలించేవారికి ఆ పదహారు రెట్ల విలువ తెలుస్తుంది. తదుపరి వచ్చిన పరికరాలలో ఉపగ్రహాల ద్వారా తన స్థానాన్ని తానే తెలుసుకొని పంపే సౌకర్యం కూడా చేరింది.

కొలత, పర్యవేక్షణ

ఏ ప్రమాణంతో కొలవాలి అన్న ప్రశ్నకు కాలానుగుణంగా సమాధానం మారుతూ వచ్చింది. అమెరికా ప్రభుత్వ కేంద్రం డబ్ల్యు.డబ్ల్యు.వి. 1923 నుండి ప్రామాణిక పౌనఃపున్యాలను ప్రసారం చేసింది. మన దేశంలో న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఏటీఏ అనే గుర్తుతో కొన్ని దశాబ్దాలపాటు ఇటువంటి ప్రసారాన్ని నిర్వహించింది. 1967లో సెకను నిర్వచనమే మారి, సీజియం పరమాణువు 919,26,31,770 కంపనాల కాలంగా స్థిరపడింది. జీపీఎస్ ఉపగ్రహాలలోని పరమాణు గడియారాల సంకేతంతో స్థానిక డోలకాన్ని సరిదిద్దే పరికరాలు అందుబాటులోనికి వచ్చిన తరువాత, ఒకనాడు జాతీయ ప్రయోగశాలలకే సాధ్యమైన ఖచ్చితత్వం సాధారణ ట్రాన్స్‌మిటరు గదికి కూడా చేరింది.

దేశంలో పౌనఃపున్యాల కేటాయింపు కేంద్ర ప్రభుత్వ పరిధిలోనిది. 1952లో ఏర్పడిన వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం ఈ బాధ్యత వహిస్తుండగా, ప్రసారాలను విని కొలిచే పనిని వైర్‌లెస్ మానిటరింగ్ సంస్థ నిర్వహిస్తుంది. పోలీసు, రెవెన్యూ, అగ్నిమాపక తదితర శాఖల వీహెచ్‌ఎఫ్ సెట్లు కూడా ఈ నియమాలకు లోబడినవే. చానళ్ల మధ్య ఎడం 25 నుండి 12.5 కిలోహెర్ట్జ్‌కు తగ్గిన చోట పాత సెట్ల స్థిరత్వం చాలకపోవచ్చును. 150 మెగాహెర్ట్జ్ వద్ద పది లక్షలలో 5 వంతుల తేడా అంటే 750 హెర్ట్జ్. ఇరుకైన చానలులో ఇది తీసివేయదగినది కాదు. తుపాను హెచ్చరికలు వెలువడిన తరువాత సెట్లను పరీక్షించే బదులు, ఏటా వేసవికి ముందు, వర్షాకాలానికి ముందు కొలత తీయించడం మేలు.

‘స్టేషను పక్కకు జరిగింది’ అని శ్రోతల నుండి వచ్చే ఫిర్యాదులలో ట్రాన్స్‌మిటరుకు సంబంధం లేనివి కూడా ఉంటాయి. ముల్లు తిప్పి పట్టే పాత రేడియోలో సైతం ఒక డోలకం ఉంటుంది. దానిలో స్ఫటికం ఉండదు. సెట్టు వేడెక్కిన కొద్దీ అదే జరుగుతూ పోతుంది. పక్కింటి రేడియోలో కేంద్రం యథాస్థానంలో వినిపిస్తున్నదో లేదో చూసిన తరువాతనే వార్త రాయడం ఉచితం. రెండు మూడు సెట్లలో ఒకే విధమైన ఈల గాని, హోరు గాని వినిపించినప్పుడు తేదీ, సమయం, ఊరు, డయల్ మీది సంఖ్య, రిసీవరు రకం, పగలు కూడా వినిపించిందా, రాత్రి మాత్రమేనా అన్న వివరాలు నమోదు చేసి సంబంధిత కేంద్రపు ఇంజనీరింగ్ విభాగానికి తెలియజేయవలెను. వీటిలో చివరిది అన్నింటికంటె ముఖ్యం. రాత్రి మాత్రమే వినిపించే ఈలకు కారణం సాధారణంగా వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.